మూతలు మార్చిన మధ్యాన్నం

మంగళవారం పొద్దున పులివెందుల నుంచి ఆపరేటరన్న కూతురు ఫోన్ చేసింది. "అత్తా, నాయన పోయినాడు" అనింది. నేను మొదట అడిగిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. అన్నం తిన్నాడా అని అడిగినా. తిన్నాడంట, రెండు ముద్దలు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ప్రొద్దుటూరులో మేం పని చేసిన సినిమా హాలు ఇప్పుడు కల్యాణ మండపమైంది. ఆయన పైన మిషన్ గదిలో బొమ్మ ఆడించేవాడు. నేను కింద ఆడోళ్ల గేటు కాడ టికెట్లు చించేదాన్ని, ఆట అయినాక హాలు ఊడ్చేదాన్ని. నాకు అన్నిటికీ భయమే. మిషన్ గదిలో నిప్పు లేస్తుందేమో, బాల్కనీ కూలుతుందేమో అని రోజూ అడిగేదాన్ని. ఆయన విసుక్కునేవాడు కాదు. "కూలేటప్పుడు నీకు ముందే చెప్తాలే మ్మే" అనేవాడు.

అప్పట్లో ఒక ఇంగ్లీషు బొమ్మ తెలుగు మాటలతో వచ్చింది. యంత్రాలు మనుషుల మీద తిరగబడితే, ఒక ఇనుప మనిషి మన పక్క నిలబడి కొట్లాడి, చివరికి లోయలో పడి ముక్కలైపోతాడు. జమ్మలమడుగులో పొద్దునాట అయినాక ఆ రీళ్లే బస్సులో మాకొచ్చేవి. డబ్బాల నిండా దారి దుమ్ము. అది రీలుకంటితే బొమ్మ చెడుతుందని నా భయం. ఎవురూ చెప్పకుండానే మూతలన్నీ తీసి, గుడ్డతో తుడిచి పెట్టేదాన్ని. ఏ రీలు ముందో ఏది వెనకో చెప్పే అంకెలుండేది ఆ మూతల మీదనే. ఒక పొద్దు ఏ మూత ఏ డబ్బాకు పెట్టినానో.

బస్సు ఆలస్యమై జనం ఈలలేస్తాండారు. అన్న మూత మీద అంకె చూసి రీలు ఎక్కించినాడు. ముందు పడాల్సిన రీలు వెనక పడి, లోయలో ముక్కలైన ఇనుప మనిషి మళ్లా చక్కగా వచ్చి లారీ నడుపుతాండాడు. జనం కుర్చీలెక్కి ఎగిరినారు. మరుసటి రోజు సరిగ్గా ఆడిస్తే, మనిషి లేచే ముక్క కోసేసినారని గొడవ. ఓనరు అందరి ముందర అన్నను తిట్టి, పక్షం రోజులు పనిలోకి రానియ్యలా. నేను నోరు తెరవలా. నన్నూ తీసేస్తారని భయం.

ముప్పై ఏండ్లు ఆ మాట గొంతులో ముల్లు మాదిరి ఉండిపోయింది. పోయిన నెల ఆయనకు బాగలేదంటే పులివెందులకు పోయినా. సరదా పడతాడని కూతురు టీవీలో ఆ సినిమానే పెట్టింది. అప్పుడు కొండంత కనపడిన ఇనుప మనిషి, ఇప్పుడు చూస్తే ఒంటికి రేకులు కట్టుకున్న ముసలోని మాదిరి ఉండాడు. ఇద్దరం నవ్వుకుంటిమి. ఇనుప మనిషి లోయ దగ్గరికొచ్చేసరికి చెప్పేసినా.

"అన్నా, ఆ పొద్దు మూతలు మార్చింది నేనే."

ఆయన చూపు తిప్పలా. "తెలుసు మ్మే. మూతలు అద్దం మాదిరి మెరుస్తాండె. నువ్వు గాక ఎవురు తుడుస్తారు? నాకు కోపం దానికి కాదు. ఆ పొద్దు నుంచి నువ్వు తుడవడం మానేస్తివి. ఆ తర్వాత ఆడిన బొమ్మలన్నిటికీ గీతలే" అన్నాడు.

క్షమించినట్టా, క్షమించనట్టా? నాకు తెలీలేదు. అప్పుడే ఆయనకు దగ్గు తెర వచ్చింది. సినిమా ఆ లోయ అంచు కాడనే ఆపమని కూతురికి చెప్పి, మిగతాది ఇంకోనాడు చూద్దాం, నువ్వూ రా అన్నాడు. వస్తానంటిని. మోకాళ్ల నొప్పి, బస్సులో పడిపోతానేమోనని దిగులు. పోలా.

మంగళవారం ఫోనొచ్చినాక నేను పోయేసరికి ఆయన్ను తెల్లబట్టలో చుట్టినారు. ఆ సినిమా మిగతాది చూసినాడా అని కూతుర్ని పక్కకు పిలిచి అడిగితి. లేదంట. పెట్టబోయినప్పుడల్లా, మీ అత్త రానీ అనేవాడంట.

తిరిగొచ్చే బస్సులో కండ్లు మూసుకుంటే ఆ ఇనుప మనిషే. లోయ అంచున, ఒక కాలు గాలిలో పెట్టి, ఇంకా పడకుండా నిలబడుకోని ఉండాడు.