టేపు బాబాయి షరతు

టేపు బాబాయి దవడ విరగ్గొట్టింది నేనే. ఎవరో చెవిలో ఊదితే మీరు వినడంకంటే నేనే ముందు చెప్పేయడం మర్యాద. రెండు కిలోల తూకం రాయి గుప్పిట్లో పట్టుకుని కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు గదిలో ఉన్న పద్నాలుగు మందికీ వినపడింది. ఆయన కింద పడలేదు. గోడకు చేరగిలబడి, ఊడిన పన్నును అరచేతిలోకి ఉమ్ముకుని, దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. మీటింగు అయిపోలేదు, మళ్ళీ కూర్చుందాం అన్నట్టు చేత్తో సైగ చేసి, ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఈయన్ని చూశాక ఆ మాట ఎవరూ సరదాకి అనలేదని తెలిసింది.

ఆయన పట్టణ ప్రణాళిక ఆఫీసులో టేపు పట్టే మనిషి. సర్వేయరు ఒక కొస దగ్గర నీడలో నిలబడి అంకెలు రాసుకుంటే, రెండో కొస పట్టుకుని మురుగు కాలవలోనో ముళ్ళ కంపలోనో నిలబడేది ఈయన. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే పని. పొట్టి మనిషి. ఎడమ చెవి పైభాగం లేదు. ఒక గోడ తగాదాలో పార తగిలి తెగిపోయింది. వాళ్ళావిడ వచ్చినవాళ్ళందరితోనూ ఒకటే అనేది: "మా ఆయనకి జీతం టేపు పట్టినందుకిస్తారు బాబూ, తన్నులు మాత్రం ఊరికే ఇస్తారు."

పంచాయితీలు చెయ్యమని ఆయనకెవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. రోడ్డు వెడల్పు చెయ్యడానికో కాలవ మళ్ళించడానికో వెళ్ళినప్పుడు ఆఫీసరు జీపులో కూర్చునేవాడు. జనానికి కోపమొస్తే చేతికి దొరికినవాణ్ణి కొడతారు. దొరికేది ఈయనే. తన్నులు తిన్నాక ఆయన అక్కడే కూర్చుని, చొక్కా దులుపుకుని, ఇప్పుడు చెప్పండి అనేవాడట. కొట్టాక మనిషికి కాస్త సిగ్గేస్తుందనీ, ఆ సిగ్గులో నిజం చెబుతాడనీ ఒకసారి నాతో అన్నాడు. అలా రెండు వీధుల కాలవ తగాదా తీర్చాడు, ఒక బస్టాపు తగాదా తీర్చాడు. చివరికి మా మార్కెట్టు ఆయన నెత్తిన పడింది.

మా హోల్‌సేల్ మార్కెట్టుకి గేటు నుంచి గోదాముల దాకా ఒకటే సందు. ఉల్లిపాయల లారీలు అందులోంచే వెనక్కి రావాలి. మా తోపుడుబండ్లు సరుకేసుకుని అందులోంచే బయటికి పోవాలి. ఇద్దరికీ పొద్దున్న ఆరింటికే పని. కోల్డ్ స్టోరేజి గోడ మలుపు దగ్గర సందు ఇరుకు. నువ్వు ఆగంటే నువ్వు ఆగని ప్రతి పొద్దునా తన్నుకునేవాళ్ళం. బస్తాలు లాగే కొక్కేలతో ఒకళ్ళ భుజాలు ఒకళ్ళం చీల్చుకున్నాం. బండ్లవాళ్ళకి పెద్దని నేను. పెద్దరికమంటే మొదటి దెబ్బ కొట్టడమే అనుకునేవాణ్ణి.

ఒక పొద్దున్న ఆ మలుపు దగ్గర నా తమ్ముడు వెనక్కి వస్తున్న లారీకీ గోడకీ మధ్య నలిగి చనిపోయాడు. బండి పిండి పిండి అయింది. మావాళ్ళు లారీ బాడీ మీద దబదబా బాదుతున్నారు, లారీ ఆగలేదు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి వాడి చెయ్యొక్కటే బయటికి కనిపిస్తోంది.

డ్రైవర్ని క్యాబిన్‌లోంచి జుట్టు పట్టి లాగాను. బండి ఇనుప పిడితో కొట్టాను. వాడి కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. పోలీసులు నన్ను లాక్కెళ్ళకపోతే తల కూడా పగిలేది. ఆ తర్వాత నెల రోజులు మార్కెట్టు మార్కెట్టులా లేదు. ఏడు లారీల అద్దాలు పగిలాయి. మా బండ్లు పదకొండు తగలబెట్టారు. ఒక హమాలీ అరచేతిలోంచి కొక్కెం ఇటు గుచ్చితే అటు వచ్చింది. మావాడొకడికి కన్ను పోయింది. గేటు దగ్గర కాపలా ఉన్న పోలీసులు టీకి వెళ్ళినంతసేపట్లో ఇద్దరికైనా తలలు పగిలేవి.

తమ్ముడు పోయిన మూడో రోజున బెయిలు మీద వచ్చి మా మరదలి ముందు నిలబడి ప్రమాణం చేశాను, ఆ డ్రైవర్ని చంపకుండా ఊరుకోనని. ఆమె నాలుగేళ్ళ కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. వద్దనలేదు. ఆ వద్దనకపోవడమే నాకు ఆజ్ఞలా తోచింది.

ఆఫీసరు ఒక కాగితం మీద గీతలు గీసుకుని వచ్చి, ఇక నుంచి ఇలా నడవాలన్నాడు. లారీలవాళ్ళూ మేమూ కలిసి చేసిన పని ఆ నెలలో ఒకటే: ఆయన జీపు తిరగేశాం. ఆయన చెప్పులు మా దగ్గర వదిలేసి పరిగెత్తాడు. మర్నాడు టేపు బాబాయి ఒక్కడే వచ్చాడు.

వచ్చి మీటింగు పెట్టలేదు. తొమ్మిది రోజులు ఇంటింటికీ తిరిగాడు. ఆ సందులో కాలు పెట్టే ప్రతి మనిషి పేరూ రాసుకున్నాడు: లారీలవాళ్ళు, మేము, హమాలీలు, కాటా వేసేవాడు, కోల్డ్ స్టోరేజి మేనేజరు, వాచ్‌మన్. జాబితాలో మా మరదలు కూడా ఉంది. ఆడమనిషిని ఆ గూండాల మధ్య కూర్చోబెడతావా అని నేను మీదికి వెళ్ళాను. ఆ గూండాల్లో నేనూ ఒకణ్ణని అప్పుడు తట్టలేదు.

"ఆ సందులో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆ అమ్మాయి. ఆమె ఒప్పుకోని ఒప్పందం నాకొద్దు" అన్నాడు.

ఆమె రెండుసార్లు రానంది. ఆయన రెండుసార్లూ సరేనమ్మా అని లేచొచ్చాడు. మూడోసారి వస్తానంది.

కాటా గదిలో కూర్చున్నాం. గుమ్మం దగ్గరే ఆయుధాలన్నీ తీసి కాటా మీద పెట్టమన్నాడు. కొక్కేలు, రాడ్లు, రెండు కత్తులు, ఒక సైకిలు చెయిను. తూస్తే నలభై ఒక్క కిలోలు. ఆ అంకె సుద్దముక్కతో గోడ మీద రాసి, రేపటికి తగ్గాలన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నెల తర్వాత ఆ చుట్టుపక్కల విన్న మొదటి నవ్వు అది.

తర్వాత అందర్నీ మలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. టేపు ఒక కొస లారీల పెద్ద చేతిలో, రెండో కొస నా చేతిలో పెట్టాడు. సందు పదకొండు అడుగులు. లారీ ఎనిమిది. సరుకు వేసిన బండి మూడున్నర. రెండూ పట్టాలంటే అరడుగు తక్కువ. ఎదుటివాడు కాస్త సర్దుకుంటే ఇద్దరికీ చోటుందని ఇన్నేళ్ళూ ఇద్దరం కొట్టుకున్నాం. అరడుగు లేని చోట ఎవడు సర్దుకుంటాడు?

మళ్ళీ గదిలోకి వచ్చాక షరతు చెప్పాడు. ఎవడి గోడు వాడు చెప్పుకోకూడదు. ఎదుటివాడి గోడు చెప్పాలి, నేనే వాణ్ణి అనుకుని చెప్పాలి. ఎదుటివాడు అంతే అనేదాకా చెబుతూనే ఉండాలి.

మొదట డ్రైవరు లేచాడు. వాడూ బెయిలు మీద వచ్చాడు, చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. నాలా మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నాన్న పోయాక తమ్ముణ్ణి నేనే ఎత్తుకుని పెంచాను. ఆ రోజు గోడ పక్కన వాడి చెయ్యి పట్టుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. ఆ చెయ్యి వదిలేశాక నాకు కనిపించిందల్లా డ్రైవరు మొహమే."

వాడికి ఇదంతా ఎలా తెలుసో నాకు తెలీదు. అంతే అన్నాను. అనక తప్పలేదు.

నా వంతు వచ్చింది. నేను డ్రైవర్ని, తాగి ఉన్నాను అన్నాను. కాదన్నాడు. అద్దంలో చూడలేదన్నాను. చూశానన్నాడు, గోడ మలుపు అద్దంలో కనబడదన్నాడు. అప్పుడు బాబాయి మెల్లిగా నన్నే, డ్రైవర్ని అడిగినట్టు అడిగాడు.

"బాడీ మీద దెబ్బలు విన్నావా?"

"విన్నాను."

"మరి ఎందుకు ఆగలేదు?"

ఆ జవాబు నా గొంతు దాకా వచ్చింది. ఆయుధాలన్నీ తీసుకున్నాడు గానీ కాటా పక్కనే పేర్చి ఉన్న తూకం రాళ్ళ సంగతి బాబాయి మరిచిపోయాడు. చేతికి అందిన రాయి తీసుకుని కొట్టాను.

ఆ జవాబేమిటో చెబుతాను. మా మార్కెట్టులో లారీ వెనక్కి వస్తున్నప్పుడు ఎవరైనా బాడీ మీద అరచేత్తో బాదితే, ఆగమని అర్థం. ఏ డ్రైవరైనా ఆగి తీరాలి. అంతకుముందు ఏడాది లారీలవాళ్ళని ఏడిపించడానికి నేనొక ఆట కనిపెట్టాను. ఊరికే వెళ్ళి దబదబా బాదడం. డ్రైవరు ఆపి, దిగి, వెనక్కి వచ్చి చూస్తే ఎవరూ ఉండరు. మేం బస్తాల చాటున కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. మావాళ్ళందరికీ నేనే నేర్పాను. రోజుకి పదిసార్లు, ఏడాది పొడుగునా. చివరికి డ్రైవర్లు ఆ చప్పుడికి ఆగడం మానేశారు. ఆ పొద్దున్న నా తమ్ముడి కోసం బాదిన దెబ్బలు కూడా వాడికి మా ఆటలాగే వినపడ్డాయి.

బాబాయిని కొట్టిన మూడో రోజున కత్తి నడుముకి పెట్టుకుని డ్రైవరు ఇంటి వీధికి వెళ్ళాను. పట్టపగలు. పాల ప్యాకెట్టు పట్టుకుని వస్తున్నాడు. మెడ పట్టి గోడకి నొక్కి, కత్తి గొంతు మీద ఆనించాను. రక్తం సన్నగా కాలరు మీదికి దిగింది. వాడు పెనుగులాడలేదు.

"చంపితే చంపన్నా. ఆ దెబ్బల ఆట సంగతి పోలీసులకి కూడా చెప్పలేదు. చెప్పినా తప్పించుకోవడానికే అంటున్నాననుకుంటారు" అన్నాడు.

అంటే వీడు పోతే ఆ మాట వీడితోనే పోతుంది. మావాళ్ళు నోరెత్తరు, వాళ్ళూ బాదినవాళ్ళే. మిగతా డ్రైవర్లు చెప్పినా మరదలు నమ్మదు. ఇక మరదలికి ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు కలిగింది సంతోషం. దాచుకోకుండా చెబుతున్నాను, సంతోషమే. నెల రోజులుగా వీణ్ణి చంపాలన్నది తమ్ముడి కోసమా, నా కోసమా అని అప్పుడు అనుమానమొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. కత్తి కాలవలో పారేసి వచ్చేశాను.

వారం తర్వాత బాబాయి దవడకి తీగలు కట్టించుకుని వచ్చాడు. మాట లేదు. ఒక పలక తెచ్చుకున్నాడు. ఈసారి తూకం రాళ్ళు కూడా బయట పెట్టించాడు. అందరం కూర్చున్నాక పలక మీద రాసి నావైపు తిప్పాడు. "ఎందుకు ఆగలేదు?"

మరదలు నాకెదురుగా కూర్చుని ఉంది. చెప్పాను. డ్రైవరునై చెప్పాను.

"ఏడాదిగా వీళ్ళు ఊరికే బాదుతున్నారు. అందుకే ఆగలేదు. ఆ ఆట మొదలుపెట్టింది చచ్చిపోయినవాడి అన్నే."

లారీలవాళ్ళు నలుగురు నా మీద పడ్డారు. ముక్కు పగిలింది. పక్కటెముకల్లో తన్నారు. మావాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. బెంచీ కాలు విరిచి ఒకడి మోకాలు విరగ్గొట్టారు. బాబాయి ఆ కుప్పలో దూరి నా మీద అడ్డంగా పడుకుని, తీగలు కట్టిన దవడ చేత్తో కాపాడుకుంటూ నాకు రావలసిన తన్నులు కొన్ని ఆయన తిన్నాడు. చివరికి అందర్నీ విడదీసింది డ్రైవరే, ఒంటి చేత్తో. విడదీసి, రొప్పుతూ, అంతే అన్నాడు.

ఆ రక్తం కడుక్కున్నాక మధ్యాహ్నానికల్లా ఒప్పందం తయారైంది. ఆరున్నర దాకా లారీలు, ఆ తర్వాత బండ్లు. లారీ వెనక ఎర్ర చొక్కా వేసుకున్న మనిషి ఒకడు నిలబడాలి. వాడు తప్ప బాడీ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. కోల్డ్ స్టోరేజి మేనేజరు గోడ మూల అడుగు మేర కొట్టించడానికి ఒప్పుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. ఆఖరున కాగితం మరదలి దగ్గరికి వెళ్ళింది. మొత్తం చదివింది. ఎర్ర చొక్కా మనిషి సెలవు పెడితే ఎవరు నిలబడతారని అడిగింది. ఆ మాట మాలో ఎవరికీ తట్టలేదు. దానికీ ఒక వాక్యం రాయించి, సంతకం పెట్టింది. కలం కింద పెట్టి నావైపు చూసింది.

"బావగారూ, ఇక మీరు మా గుమ్మం తొక్కొద్దు" అంది.

తొమ్మిదేళ్ళయింది. ఆ సందులో మళ్ళీ ఎవరూ చావలేదు. బాబాయి రిటైరయ్యాడు. దవడ ఒక పక్కకి ఒంకరగా అతుక్కుంది, గట్టివి నమల్లేడు. నేను వెళ్తే వాళ్ళావిడ ముందు తిడుతుంది, తర్వాత టీ ఇస్తుంది. కిందటి నెల ఆయన్ని అడిగాను, మమ్మల్ని ఒక్కసారి కూర్చోబెట్టమని, మరదల్నీ నన్నూ. అందరి గొడవలూ తీర్చావు, నాదొక్కటీ తీర్చు అన్నాను. సరేనని మూడుసార్లు వెళ్ళొచ్చాడు.

మూడోసారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నీ గోడంతా ఆ అమ్మాయి చెప్పిందిరా. నేనడగకుండానే చెప్పింది. నువ్వు పొద్దున్నే లేచేసరికి లారీలు బాదిన నీ అరచేతులు మండుతుంటాయటగా. నీకంటే బాగా చెప్పింది. కానీ రానంది."

"అంత అర్థం చేసుకున్నాక ఇంక రావడానికేం బాబాయ్?"

"అర్థమైంది కాబట్టే రానంటోందిరా" అన్నాడు.

నాలుగోసారి వెళ్ళమని నేను అడగలేదు.