మాట వినబడే జనరేటర్

మా పెద్దబాపు పోయాడన్న కబురు నాకు ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో అందింది. సిద్దిపేట బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది. మా బాపు. "అన్న పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ తాగిండు, కుర్చీల ఒరిగిండు, గట్లనే పోయిండు" అన్నాడు. లారీల మోతకు సగమే వినబడి, మళ్ళీ చెప్పమన్నాను. పాపం, ఆ మాట బాపు తన నోటితో రెండోసారి చెప్పాల్సి వచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చాను. ఏడుస్తుంటే నవ్వు కూడా వచ్చింది. పెద్దబాపు పక్కన ఉండి ఉంటే ఆ లారీలను చూసి, "మనిషి మాట మనిషికి వినబడకపోతే గదేం బతుకు బిడ్డా" అని ఉండేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన కిందటి ఎండాకాలం సిద్దిపేట దుకాణదారుల ప్రాణం తీశాడు. ఆ సంగతి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బాపు అంటే మా నాన్న. పెద్దబాపు ఆయనకు అన్న, సిద్దిపేటలో బస్సు డ్రైవరు. రిటైరయ్యాక కూడా ఆ ఉద్యోగం ఆయన ఒంట్లోంచి దిగలేదు. టైరును తన్ని చూసినట్టు కుర్చీ కాలును ఒకసారి తన్ని, అప్పుడు కూర్చునేవాడు. ఇంట్లో అందరం బంతికి కూర్చుంటే వరస చివరిదాకా చూసి, "అందరు ఎక్కిన్రా?" అని అడిగి, ఆ తర్వాతే అన్నం కలిపేవాడు. పిల్లలం "ఎక్కినం, రైట్ రైట్" అని అరిచేవాళ్ళం. నేను పెళ్ళై పిల్లల తల్లినయ్యాక కూడా అరిచాను. సిగ్గెందుకు?

ఊరందరినీ తిప్పిన ఈ మనిషి మా పెద్దమ్మను మాత్రం ఎక్కడికీ తిప్పలేకపోయాడు. తప్పు ఆయనది కాదు, ఎండది. చేర్యాలలో ఒక పెళ్ళికి పోయినప్పుడు పెద్దమ్మ వడదెబ్బకు సోయి తప్పి పడిపోయింది. దవాఖానలో పెడితే బతికి బయటపడింది గానీ, అప్పటినుంచి కాస్త ఉక్కపోసినా కళ్ళు తిరుగుతాయి. గడప దాటడం మానేసింది. ఆమెకున్న కోరిక ఒక్కటే, సముద్రం చూడాలి. ఒకనాటి సాయంత్రం పెద్దబాపు ఆమెను కోమటిచెరువు కట్ట మీద కూర్చోబెట్టి, "ఇగో, గిదే సముద్రమనుకో" అన్నాడట. పెద్దమ్మ చూసి చూసి, "అవుతలి ఒడ్డు కనబడ్తుంది గదయ్యా" అన్నదట. అంతే, ఇంకేమీ అనలేదు. ఏదైనా అని ఉంటే తనకు ఇంత బాధ ఉండేది కాదని పెద్దబాపు నాతో చాలాసార్లు చెప్పాడు.

కొన్నాళ్ళకు ఒక పాత స్కూలు వ్యాను ఇంటి ముందు ప్రత్యక్షమైంది. సీట్లు పీకించి లోపల మంచాలు వేయించాడు, పొయ్యి పెట్టాడు, నీళ్ళ డ్రమ్ము బిగించాడు, వెనక కిటికీకి ఒక సెకండ్ హ్యాండ్ ఏసీ తగిలించాడు. ఇలాంటి బండ్లలో లోకమంతా తిరిగేవాళ్ళను ఆయన ఫోన్లో చూశాడు. మా వాడ మాత్రం ఎన్నడూ చూడలేదు, అందుకని వాడంతా ఎక్కి దిగింది. నేను ఊరుకుంటానా? "ఇంటికి చక్రాలు పెట్టినవ్, మంచిగనే ఉంది పెద్దబాపు. కరెంటు మీటర్ యాడ పెడ్తవ్?" అన్నాను. ఆయన నవ్వలేదు. "గదే బిడ్డా, గిప్పుడు చూసుకునేది" అన్నాడు.

మా బాపుకు ప్రజ్ఞాపూర్‌లో టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకు కిరాయికిచ్చే పెద్ద జనరేటర్ ఆయన గర్వకారణం. "అన్నా, నాది తీస్కపో. పెండ్లి మండపాన్ని నడిపిస్తది, నీ డబ్బా ఏసీ ఎంత?" అన్నాడు.

"నీది నడుస్తుంటే పంతులు మంత్రం పెండ్లికొడుక్కే వినబడది. నేను మీ వదినెతోని మాట్లాడాలె రా."

"ఇన్నేండ్లు మాట్లాడనోనివి ఇప్పుడేం మాట్లాడుతవే?"

"గందుకే" అన్నాడు పెద్దబాపు.

బాపు అలిగాడు. అన్నదమ్ములిద్దరికీ అలగడం బాగా వచ్చు.

ఇక జనరేటర్ వేట మొదలైంది. ఎండ ముదరకముందే నన్నూ పెద్దమ్మనూ ఎక్కించుకుని, ఏసీతో సహా ఆ వ్యానునే దుకాణాలకు తోలుకుపోయేవాడు. మిషన్ మీద రాసిన అంకె చదివి, "గిది పొద్దంత ఇచ్చే బలమా, ఒక్క గడియ ఇచ్చే బలమా?" అని అడిగేవాడు. దుకాణమాయన నీళ్ళు నమిలేవాడు. నాకూ ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నిండ జనమున్న బస్సు నిలబడ్డ కాడికెళ్ళి కదలాలంటే ఎంత గుంజాలె? కదిలినంక ఎంత? ఏసీ గూడ గంతే. అందుకునేటప్పుడు ఒక్క తన్ను తంతది. ఆ తన్నుకు మిషన్ ఆగాలె, ఆ తర్వాత పొద్దంత నడవాలె" అని చెప్పాడు. అప్పుడు నాకు తలకెక్కింది.

అది ఒక పరీక్ష. రెండోది మా పాలిటి పరీక్ష. మిషన్‌ను బయట నడవనిచ్చి, మమ్మల్నిద్దరినీ వ్యానులో కూర్చోబెట్టి, "కూర ఏం వండుకున్నరో మాట్లాడుకోండ్రి. గొంతు మాత్రం పెంచద్దు" అనేవాడు. దుకాణం ముందు జనం చూస్తుంటే మేము బొమ్మల్లా కూర్చుని బీరకాయ గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఒక మిషన్ మెల్లగా నడిచేది గానీ ఏసీ అందుకోగానే ఆగిపోయేది. ఇంకోటి ఏసీని లాగేది, మా బీరకాయను మింగేది. పెద్దమ్మ విసిగిపోయి, "నేను వంటలన్ని చెప్పుడైపోయింది, ఇగ ఊరగాయలే మిగిలినయ్" అంది.

చివరికి ఒక దుకాణంలో సూట్‌కేసులా మూసి ఉన్న చిన్న పెట్రోలు మిషన్ దొరికింది. ఏసీ అందుకుంది. మిషన్ ఒకసారి గొంతు సవరించుకుని సర్దుకుంది. పెద్దమ్మ తన మామూలు గొంతుతో, "బీరకాయల ఇన్ని పాలు వోస్తే..." అంటోంది. పెద్దబాపు బయటినుంచి కిటికీలోకి తల పెట్టి, "పోస్తే ఏమైతదే?" అని అడిగాడు. మిషన్ పక్కన నిలబడ్డవాడికి కూడా ఆమె మాట వినబడిందన్నమాట. దాన్నే కొన్నాడు.

మా బాపు దాన్ని చూసి, "గిది మిక్సీ నడిపిస్తదేమో చూడు" అన్నాడు.

పెద్దబాపుకు పొగ అంటే మహా పట్టింపు. బండి ఎక్కడ ఆపినా ముందు ఒక ఊదుబత్తి వెలిగించి పట్టుకుని నిలబడేవాడు. పొగ ఎటు పోతే అటువైపు, బండికి బాగా దూరంగా, పొడుగు వైరు వేసి జనరేటర్ పెట్టాలి. "దీని పొగల విషం కండ్లకు కనబడది. పండుకున్నోన్ని పండుకున్నట్టే తీస్కపోతది" అనేవాడు. ఊదుబత్తి ఆర్పేసి, దూరంగా పారేసి, ఆ తర్వాతే పెట్రోలు డబ్బా ముట్టుకునేవాడు.

బయలుదేరే పొద్దున కొత్త మిషన్‌కు పూజ చెయ్యాలని పెద్దమ్మ హారతి పళ్ళెం తెచ్చింది. పెద్దబాపు చేతులు అడ్డం పెట్టాడు. "పెట్రోల్ కాడ కర్పూరమా? సముద్రం గాదు, సక్కగ స్వర్గానికే పోతం!" హారతి లేని పూజ మా బాపు మనసుకు ఒప్పలేదు. అలక పక్కనపెట్టి, పెళ్ళి వేదికకు కట్టే నిండు బంతిపూల దండ తెప్పించాడు. "హారతి లేకుంటే దండన్న ఘనంగ ఉండాలె" అని మిషన్ కనబడకుండా చుట్టాడు. నలుగురం దండం పెట్టుకున్నాం.

బండిని ముందే చల్లబరుద్దామని పెద్దబాపు మిషన్ నడిపించాడు. ఏసీ అందుకుంది. "అందరు ఎక్కిన్రా?" అని ఆయన అడిగేలోగా మిషన్ ఆగిపోయింది. మళ్ళీ నడిపిస్తే కాసేపు ఉండి మళ్ళీ ఆగింది. "నేను చెప్పలే? చెప్పిన్నా లేదా?" అని మా బాపు. వ్యానులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దమ్మ మెల్లగా దిగింది. "పోనియ్యిండ్రి. నాకు కోమటిచెరువే సముద్రం" అంది. అప్పుడు పెద్దబాపు మొహం చూడలేకపోయాను. బ్రేకు ఫెయిలైనా బెదరని మనిషి, పెట్రోలు డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

కాసేపటికి వంగి, దండ మీద నుంచే మిషన్ పక్కన అరచెయ్యి పెట్టాడు. ఇంకోవైపు పెట్టాడు. గాలి వచ్చే చోట గాలి రావట్లేదు. దండ కింద వేళ్ళు దూర్చి చూసి లేచాడు.

"ఓరి నీ పాడుగాను, దాని ముక్కు మూసినవ్ గదరా! గాలాడొద్దా దానికి?"

దండ తీశారు. మిషన్ చల్లారేదాకా ఆగారు. ఈసారి అది ఆగలేదు. మా బాపు ఏమీ జరగనట్టు ఆ దండను అన్న మెడలో వేసి, "అయితే నువ్వే ఏసుకో" అన్నాడు. పెద్దమ్మ నవ్వి నవ్వి మళ్ళీ బండెక్కింది. "అందరు ఎక్కిన్రా?" "రైట్ రైట్!" కోమటిచెరువు దాటేదాకా పెద్దబాపు ఆ దండ తియ్యకుండానే నడిపాడు. ఎదురొచ్చే బస్సుల డ్రైవర్లు పెళ్ళికొడుకును చూసి హారన్లు కొట్టారు.

మర్నాడు బాపట్ల దగ్గర ఇసుక మొదలయ్యే చోట బండి ఆపేసరికి మిట్టమధ్యాహ్నం. ఒంటికి అంటుకునే ఉక్క. ఊదుబత్తి పొగ చూసి మిషన్ దూరంగా పెట్టాడు. పెద్దమ్మ చల్లటి బండిలో కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు బయటికి చూసింది.

"అవుతలి ఒడ్డు లేదయ్యా" అంది.

"లేదే" అన్నాడు పెద్దబాపు. ఆ ఒక్క మాట కోసమే ఆయన ఇంత చేశాడు.

నేనూ బాపూ బండి నీడలో చాప వేసుకున్నాం. మిషన్ నడుస్తూనే ఉంది, అలల చప్పుడూ వినబడుతోంది, లోపల వాళ్ళిద్దరి మాటలూ వినబడుతున్నాయి. ఏం మాట్లాడుకున్నారో మీకు చెప్పను. వాళ్ళ మాటలు వాళ్ళవి. పొద్దు వాలాక పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుని నీళ్ళలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా అరిచింది. ఇంత సంతోషం చూపించి పోయిన మనిషి గురించి ఏడుపుమొహంతో రాయడం నావల్ల కాదు.

మొన్న దినాల నాడు మా బాపు ఫోటోకు దండ తెచ్చాడు. మళ్ళీ అదే పెళ్ళి వేదిక దండ, అన్నకు తక్కువ చెయ్యొద్దని. వేసేసరికి పెద్దబాపు మొహం కళ్ళదాకా పూలలో మునిగిపోయింది. గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ లేచింది. దండను రెండు పక్కలకూ జరిపి, మొహం మొత్తం కనబడేలా సర్దింది.

"గాలాడనియ్యి తమ్మీ" అంది.

తర్వాత, ఆనాడు మిషన్‌కు ఆయన పెట్టినట్టే, ఫోటో ముందు అరచెయ్యి పెట్టి, చాలాసేపు అట్లాగే పట్టుకుంది.