దేవరకొండ రోడ్డులో లేని బస్సు

ఎల్బీనగర్‌లో ఉదయం 5.40కి నల్గొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. బస్సుల రాకపోకలు చూపించే ఒక చిన్న యాప్‌కి స్క్రీన్లు గీయడం నా ఉద్యోగం. చూపించడానికి బస్సేదీ లేనప్పుడు వచ్చే ఖాళీ స్క్రీన్ కూడా నేను గీసిందే. దుప్పటి కప్పుకుని పడుకున్న బస్సు బొమ్మ, కింద ‘ఇప్పుడు బస్సులు లేవు’ అన్న మాట. ఆఫీసులో అందరూ ముచ్చటపడ్డారు. నల్గొండ వైపు నుంచి మాత్రం ఒకటే తిట్లు. సంగతేంటో చూసొస్తానని నేనే బయలుదేరాను.

8.15కి నల్గొండలో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, దేవరకొండ వైపు పల్లెవెలుగు ఎక్కాను. అరగంటకు ఒక ఊరి స్టాపులో దిగాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. ఇప్పటిలా కోతల కాలంలో రైసు మిల్లుల ముందు వడ్ల లారీలు రోడ్డు దాకా బారులు తీరతాయి. ఒక గంట చేతిలో ఉంచుకుని కదలండి.

స్టాపు కొత్తది. స్టీలు బెంచీ, రేకుల కప్పు. అంతా బాగానే ఉంది కానీ, బస్సు వచ్చే వైపు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టేశారు. కూర్చుంటే రోడ్డు కనిపించదు. బెంచీ మీద యాభై దాటిన ఆవిడ ఒకరు, ఒళ్లో టిఫిన్ డబ్బాతో కూర్చుని ఉంది. పేరు యాదమ్మ. పదకొండుకు నల్గొండ దవాఖానలో ఆమెకు డయాలసిస్.

“తొమ్మిదిన్నర బస్సు దొరికితే టైముకు అందుకుంట బిడ్డా. లేటయితే మిషన్ ఇంకొకలకు ఇస్తరు,” అంది.

తొమ్మిదిన్నర దాటింది, పదీ దాటింది. ఆమె ఫోన్ నా ముందు పెట్టింది. దాంట్లో నా బొమ్మే.

“ఏమంటాందో జర సదువు.”

“బస్సులు లేవట అమ్మా,” అన్నాను. రాసింది నేనే కదా, నమ్మకుండా ఎలా ఉంటాను?

ఇంకో ఐదు నిమిషాలకు ఫ్లెక్సీ వెనకనుంచి బస్సు వచ్చి, మా ముందునుంచే దూసుకుపోయింది. నేను రోడ్డు మీదికి పరుగెత్తేసరికి మలుపు కూడా తిరిగిపోయింది. యాదమ్మ బెంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“ఇదివరకైతే ఎవలో ఒకలం రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తుదుము. చెయ్యి కనబడకుంటే డ్రైవర్ ఆపడు. గీ ఫోన్ వచ్చినంక అందరం లోపల్నే కూసుంటున్నం,” అంది.

అప్పుడు తట్టింది నాకు. ఇరవై నిమిషాలు కదలని బస్సును మా యాప్ జాబితాలోంచి తీసేస్తుంది. లారీల వెనక ఇరుక్కున్న బస్సును నేను లేదనేశాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆటో దొరకడానికి ముప్పావు గంట పట్టింది. దవాఖాన చేరేసరికి 11.50.

“నీ మిషన్ వేరేటోళ్లకు పెట్టేసినం యాదమ్మా. మూడు దాకా కూసో. దమ్ము ఆడకుంటే వెంటనే చెప్పు,” అంది నర్సు.

యాదమ్మ కాళ్లు అప్పటికే ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. మెట్టు ఎక్కితే ఎగపోస్తోంది. నాకు భయమేసింది. వరండాలో కూర్చున్నాక ఆ మాట రాసింది నేనేనని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

“బస్సు లేదని నువ్వు చూసినవా?”

“లేదమ్మా. తెలియక...”

“మరి తెల్వదని రాయాలె గదా బిడ్డా.”

అక్కడినుంచే ఆఫీసుకు ఫోన్ చేసి ఆ మాట వెంటనే మార్చమన్నాను. తెలియదని రాస్తే యాప్ ఎవరు వాడతారు, సోమవారం మాట్లాడదాం అన్నారు. ఆ రోజు బుధవారం.

మూడుంపావుకు యాదమ్మను లోపలికి పిలిచారు. సూది గుచ్చి, మిషన్ తిరగడం మొదలయ్యాక బయటికొచ్చాను. ఎక్స్‌ప్రెస్ దొరక్క, 4.30కి నార్కట్‌పల్లి పల్లెవెలుగు ఎక్కి డ్రైవర్ వెనక కూర్చున్నాను. ఒక స్టాపు దగ్గర పడుతున్నా బస్సు వేగం తగ్గలేదు.

“అన్నా, అక్కడ ఆపు.”

“ఎవలు లేరు మేడం.”

“లోపల చూశావా?”

విసుక్కుంటూనే బ్రేకు వేసి హారన్ కొట్టాడు. లోపలినుంచి ముసలాయన, చంటిపిల్లను ఎత్తుకున్న ఆడమనిషి, సంచులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

“ఫోన్ల బస్సు లేదన్నది సారూ,” అన్నాడు ముసలాయన, ఎగపోస్తూ.

నార్కట్‌పల్లి వచ్చేదాకా నేను మళ్లీ కూర్చోలేదు. డ్రైవర్ పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి, ప్రతి స్టాపు లోపలికీ వంగి చూస్తూ వచ్చాను.