సీసపు ఓడ

మొన్న నా ఫోనులో ఒక మెసేజి వచ్చింది. హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్క ఫంక్షన్ హాల్లో ఈ ఆదివారం కాయిన్ షో, ఇదే ఆఖరుది, ఇక మీదట అమ్మకాలూ కొనుగోళ్లూ ఆన్‌లైన్‌లోనే అని దాని సారాంశం. కింద పార్కింగ్ సౌకర్యం కలదు అని కూడా రాశారు. ఆఖరి రోజున పార్కింగ్ ఎవరికి కావాలో నాకు అర్థం కాలేదు. నేను నాణేలు పోగుచేసే మనిషిని కాను. చెల్లని డబ్బుల కోసం చెల్లే డబ్బులు తగలేసేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. అయినా ఆ మెసేజి చదవగానే వంటింటి అటక మీదనుంచి పాత స్టీలు క్యారియర్ దించాను. దాని అడుగు గిన్నె ఒక పక్క సొట్టపోయి ఉంటుంది. అది కైకలూరు బాబాయి కంటి ఎముక పడేసిన సొట్ట.

కైకలూరు బాబాయి మాకు చుట్టం కాదు. మా మేనమామకు ప్రాణస్నేహితుడు. కొల్లేటి చేపలు లారీలకెత్తించే వ్యాపారం, మోకులు లాగి లాగి కాయలు కాసిన చేతులు. మావయ్యకు గవర్నర్‌పేటలో హోల్‌సేల్ గుడ్డల కొట్టు. మనిషి బక్కపలచన, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఆ వీధిలోనే ఒక పాత లాడ్జి మేడమీద హాల్లో, నెలకో ఆదివారం, నా చిన్నతనం నుంచీ కాయిన్ షో జరిగేది. అత్తయ్య పోయాక ఆ పూట మావయ్యకు అన్నం నేనే తీసుకెళ్లేదాన్ని. గొడవ లేకుండా షో ముగిసిన ఆదివారం నాకు గుర్తులేదు. గోల్కొండ రాగి నాణేన్ని చింతపండు పెట్టి తళతళా తోమి తెచ్చిన ఒక పెద్దమనిషిని మావయ్య చెంప మీద కొట్టాడు. ఆ నాణెం మీది పాత రంగు మళ్లీ రాదట, చెంప రంగు మాత్రం సాయంత్రానికి వస్తుందట. దొంగ సరుకు అమ్మిన ఇంకొకడి మీద మడత కుర్చీ విసిరాడు. అది గురితప్పి లాడ్జి వాళ్ల అద్దానికి తగిలింది. ఇవన్నీ ఇంటికొచ్చి నేను నవ్వుతూ చెప్పేదాన్ని, అందరూ నవ్వుతూ వినేవారు. కోపం మంచివాళ్లకే ఎక్కువ అని మా అమ్మ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చేది.

ఆ షోలో ఒక కట్టుబాటు ఉండేది. ఎంత దగ్గరివాళ్లయినా నాణేన్ని చేతికివ్వరు. బల్లమీద పరిచిన వెల్వెట్ గుడ్డ మీద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. చేతికీ చేతికీ మధ్య జారిందంటే, ఇచ్చినవాడు వదిలేశాడా తీసుకున్నవాడు పట్టుకోలేదా అన్నది దేవుడు కూడా తేల్చలేడని. మనిళ్లలో ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయంటారే, అలాంటిదే ఇదీ. మావయ్యా బాబాయీ వయసులో ఉండగా బందరులో ఒక పాత ఇనప సామాన్ల కొట్లో, తూకపు రాళ్ల మధ్యనుంచి ఒక సీసపు నాణెం కొన్నారు. శాతవాహనుల కాలంది, మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ. చెరిసగం పెట్టి కొన్నారు కాబట్టి ఒక నెల ఒకరి దగ్గర, మరుసటి నెల ఇంకొకరి దగ్గర. ప్రతి షోకీ ఒకరు తెచ్చి గుడ్డ మీద పెడతారు, ఇంకొకరు తీసుకుంటారు. ఆ ఓడ బందరు రేవు చూసిందో లేదో గానీ, కైకలూరికీ గవర్నర్‌పేటకీ మధ్య మాత్రం ఒక జీవితకాలం తిరిగింది.

రానురాను షోకి జనం పల్చబడ్డారు. కుర్రాళ్లు ఫోనులోనే బొమ్మ చూసి కొనేస్తున్నారు. పెద్దవాళ్లకు లాడ్జి మెట్లు ఎక్కడం కష్టమైంది, కార్లలో వచ్చేవాళ్లకు గవర్నర్‌పేటలో బండి పెట్టే చోటు లేదు. హనుమాన్ జంక్షన్‌కి మారుద్దామని కైకలూరు బాబాయి అన్నాడు. గుడివాడ వాళ్లూ ఏలూరు వాళ్లూ నూజివీడు వాళ్లూ కూడా వస్తారని ఆయన లెక్క. మావయ్యకు అది కొట్టు మూసేయమన్నట్టు తోచింది. నేను క్యారియర్ పట్టుకుని మేడెక్కేసరికి ఇద్దరూ బల్లకు చెరో పక్కా నిలబడి ఉన్నారు.

"నీ చేపల లారీలు ఆగే చోట నాణేలు పరుచుకోమంటావా నన్ను?" అన్నాడు మావయ్య.

"ఇన్నాళ్లూ పక్కన కూర్చుంటే రాలేదా నీకు చేపల కంపు?" అన్నాడు బాబాయి. ఆయన గొంతు చాలా చిన్నగా ఉంది.

ఆ నెల వంతు బాబాయిది. మావయ్య డబ్బీలోంచి ఓడను తీసి, గుడ్డ మీద పెట్టకుండా, "పట్టుకుపో" అని ఆయన చేతిలోకి కుక్కాడు. అంత పాత సీసం పెళుసు, మోగదు కూడా. మొజాయిక్ నేల మీద గూన పెంకు పడ్డంత చప్పుడయింది. వంగి చూస్తే ఓడ రెండు ముక్కలు.

"వదిలేశావు" అని ఒకరు, "నువ్వు పట్టుకోలా" అని ఇంకొకరు. బాబాయి మావయ్యను గుండెల మీద ఒక్క తోపు తోశాడు. మావయ్య గోడకు గుద్దుకుని, లేస్తూనే నా చేతిలోని క్యారియర్ లాక్కుని, ఉన్న బలమంతా పెట్టి మొహం మీద కొట్టాడు. గిన్నెల మూతలు ఊడి వేడి ములక్కాడ పులుసు బాబాయి మీద పడింది. ఎర్రగా కారేది పులుసో నెత్తురో మొదట ఎవరికీ తెలియలేదు. ఆయన అరవలేదు. ఒక చేత్తో కన్ను మూసుకుని, రెండో చేత్తో మావయ్య వేళ్లు పట్టుకుని, మోకు మెలిపెట్టినట్టు మెలిపెట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు నేను విన్నాను. బల్లలు తిరగబడ్డాయి, ట్రేలలో నాణేలన్నీ హాలంతా దొర్లాయి. ఆ మనుషుల్లో సగంమంది విడదీయడానికి వచ్చారు. మిగతా సగం బల్లల కింద దూరి నాణేలు ఏరుకున్నారు, కొందరు తమవి కానివి కూడా. మావయ్యను ఆ రోజు నేను అసహ్యించుకున్నాను. ఇంతకాలం ఆయన కొట్టిన చెంపదెబ్బలకు నవ్విన నా నవ్వు కూడా నాకు గుర్తొచ్చింది.

పోలీసులదాకా పోలేదు. బాబాయికి ఎడమ కన్ను పోయింది, మావయ్య కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. లాడ్జి వాళ్లు ఇక హాలు ఇవ్వమన్నారు. అలా షో బాబాయి కోరుకున్న జంక్షన్‌కే మారింది గానీ, అక్కడికి ఆయనే వెళ్లలేదు, మావయ్య సరేసరి. వాళ్లిద్దరూ లేని షోకి పాతవాళ్లూ రావడం మానేశారు. విరిగిన ఓడలో చెరో ముక్కా ఇన్నేళ్లూ చెరో ఇంట్లో ఉండిపోయింది.

మెసేజి చదివి వినిపిస్తే మావయ్య తీసుకెళతావా అని అడిగాడు. బాబాయి వస్తాడో రాడో తెలియదన్నాను. ఆఖరుదంటే వస్తాడన్నాడు.

వచ్చాడు. పెళ్లిళ్లకు కట్టిన అంత పెద్ద హాల్లో నాలుగైదు బల్లలు ఒక మూల ఉన్నాయి. బాబాయి ఒక బల్ల వెనక ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. మావయ్య ఎడమచేత్తో పాత వెల్వెట్ గుడ్డ తీసి ఆ బల్లమీద పరిచాడు. దాని మీద ఆనాటి నల్లటి మరక ఇంకా ఉంది. మరక పక్కన తన ముక్క పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాబాయి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మావయ్య చెంప పగలగొట్టాడు. కళ్లజోడు ఎగిరి అవతల పడింది. మైకులో మాట్లాడుతున్నవాడు ఆగిపోయాడు. మావయ్య చెయ్యెత్తలేదు, కదలలేదు. ఇంకొకటి పడుతుందేమోనని నేను మధ్యలోకి వెళ్లబోయాను. బాబాయి మెల్లగా వంగి, తడుముకుని కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. మావయ్య చేతికివ్వకుండా దాన్ని గుడ్డ మీద పెట్టాడు. తర్వాత నా చేతిలో క్యారియర్ చూసి, "అది కాస్త దూరంగా పెట్టమ్మా" అన్నాడు.

తన ముక్క ఆయన చొక్కా జేబులోనే తెచ్చుకున్నాడు. రెండూ దగ్గరికి జరిపి చూశారు. కలవలేదు. సీసం అంచులు తెల్లగా పొడైపోయి, మధ్యలో తెరచాప కొయ్య ఉండాల్సిన చోట సందు మిగిలింది. ఆ రోజే కలిపి పెట్టి ఉంటే అతుకు కనపడేది కాదని బాబాయి అన్నాడు. మావయ్య కళ్లజోడు పెట్టుకోకుండానే ఏడ్చాడు. నేనాయన్ని అలా చూడటం అదే మొదలు.

"కన్ను?" అన్నాడు మావయ్య.

"పోయింది. వేళ్లు?"

"ముడుచుకోవు."

హాలు కుర్రాళ్లు కుర్చీలు సర్దేస్తున్నారు. బాబాయి రెండు ముక్కలూ దూదిలో చుట్టి జేబులో వేసుకున్నాడు. "అప్పుడు వంతు నాది. పట్టుకెళతా. వచ్చే నెల నీకు."

"ఎక్కడ?" అన్నాడు మావయ్య.

"నువ్వెక్కడంటే అక్కడరా. గవర్నర్‌పేటకే వస్తా."

మావయ్య తల అడ్డంగా ఊపాడు. "వద్దు. ఒంటికన్నుతో ఆ ట్రాఫిక్‌లో ఏం పడతావు. నేనే వస్తా, జంక్షన్‌కి."

తిరిగి వచ్చేటప్పుడు కారులో మావయ్య నిద్రపోయాడు, ఎర్రటి చెంప అద్దానికి ఆనించి. కాలం అన్నీ మాన్పుతుందంటారు గానీ, అది ఆ కంటినీ మాన్పలేదు, ఈ వేళ్లనీ మాన్పలేదు. వచ్చే నెల అనే మాట మాత్రం వాళ్లిద్దరి కోసం ఇంకా కొంచెం మిగిల్చింది.