ఐదో తేదీన ఖాళీగా ఉన్న ఖాతా

2024 జూలై. పుదుచ్చేరిలో సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక పాత మేడ కింది భాగంలో మా రుణ సలహా కేంద్రం ఉండేది. బ్యాంకు రుణ విభాగంలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాక, వారానికి రెండు రోజులు, మంగళ గురువారాల్లో, నేనక్కడ కూర్చునేదాన్ని. అప్పు తీర్చడంలో చిక్కుపడ్డవాళ్లు వచ్చి అడుగుతారు. ఫీజు లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే ఆ వీధిలో దుకాణాలు మూసేస్తారు. నాలుగింటిదాకా ఊరు కళ్లు మూసుకుని ఉంటుంది. ఆ వేళ కిటికీ రెక్కల సందుల్లోంచి వెలుతురు లేత కొబ్బరినీళ్ల రంగులో నేలమీద పడి, తెలిసీ తెలియకుండా బల్ల కాళ్లదాకా జరుగుతూ వస్తుంది. ఎవరూ రాని రోజుల్లో ఆ జరుగుడు చూస్తూ కూర్చునేదాన్ని.

23వ తేదీ మంగళవారం, ఒంటి గంటా పది నిమిషాలకు, ఆ వెలుతురులోకి ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చేతిమీద నల్ల కోటు, భుజానికి ఫైళ్ల సంచి. పేరు కె. యామిని అనీ, చదువు కోసం తీసుకున్న అప్పు గురించి మాట్లాడాలనీ తమిళంలో చెప్పింది. కూర్చునేలోపే ఆమె ఫోను మోగింది.

"అవ్వా, తిన్నావా? ఆఁ, నేను తిన్నా. సాంబారన్నం. యాడుండానా? కోర్టులోనే ఉండా. సరి, పెట్టేస్తా."

ఫోను పెట్టేదాకా ఆగి తెలుగులో అడిగాను. "ఈ గదిలోకి కోర్టు ఎప్పుడు మారిందమ్మా?"

ఆమె ముఖం ఎర్రబడింది, ఆ వెంటనే నవ్వింది. "మీరూ మనోళ్లేనా పెద్దమ్మా? ముందే చెప్పుంటే అబద్ధమన్నా తమిళంలో ఆడుంటా."

"సాంబారన్నం కూడా అబద్ధమేనా?"

"బన్ను, టీ," అంది. ఆ తర్వాత ఫైలు తెరిచింది.

విషయం ఇది. యామిని 2017లో ఐదేళ్ల లా కోర్సులో చేరింది. ఏడాదికి 1,28,000 చొప్పున ఐదేళ్లకు 6,40,000 రూపాయల ఎడ్యుకేషన్ లోన్. పాత ట్రాక్టరు అప్పు ఒకటి తండ్రి పేరున ఉండిపోవడంతో బ్యాంకు ఆయన సంతకం ఒప్పుకోలేదు. పుదుచ్చేరి పక్కనున్న బాహూరు అనే ఊళ్లో ఎకరంన్నర పొలం ఉన్న నాయనమ్మ కుప్పమ్మగారు కో-అప్లికెంటుగా, అంటే అప్పుకు సమాన బాధ్యురాలిగా, వేలిముద్ర వేశారు. చదువు ముగిశాక ఇంకో ఏడాది కట్టనక్కర్లేని గడువు ఉంటుంది. దాన్ని మొరటోరియం అంటాం. ఆ కాలంలో కట్టకపోయినా వడ్డీ నడుస్తూనే ఉంటుందని చాలామందికి తెలియదు. ఆదాయ పత్రం సమయానికి ఇవ్వనందువల్ల వీళ్లకు ప్రభుత్వ వడ్డీ రాయితీ కూడా రాలేదు. వడ్డీ 2,56,000 అసలుకు చేరి 8,96,000 అయింది. పదేళ్ల గడువు, నెలకు 11,841 కిస్తీ. మొదటి కిస్తీ 2023 జూలై 5.

కోర్టులో సీనియరు వకీలు దగ్గర జూనియర్‌గా యామినికి నెలకు ఏడు వేలు. అదీ ఆయనకు గుర్తొచ్చిన నెలలో. అందుకని కిస్తీ అవ్వే కడతానంది. ఆవిడకు బాహూరులో వేరే బ్యాంకులో ఖాతా ఉంది. కౌలు డబ్బు, పాల డబ్బు అందులో పడతాయి. ప్రతి నెలా ఐదున దానంతట అదే డబ్బు వెళ్లిపోయేలా మాండేటు రాసిచ్చారు. ఖాతాలో డబ్బు లేకపోతే మాండేటు తిరిగొస్తుంది. దాన్నే బౌన్సు అంటారు. అప్పిచ్చిన బ్యాంకు జరిమానా 590 రూపాయలు, ఆపైన క్రెడిట్ రిపోర్టులో ఒక మచ్చ. ఆ రిపోర్టంటే మనం ఎవరి దగ్గర ఏ అప్పు ఎలా తీర్చామో చూపించే చరిత్ర.

"మూడు మచ్చలు ఉండాయి పెద్దమ్మా," అంది యామిని. "ఒక బ్యాంకులో లా ఆఫీసరు పరీక్ష పాసైనా. ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. ఇప్పుడు ఈ రిపోర్టు చూసి, ఎందుకు కట్టలేదో ఆగస్టు 9 లోపల రాసియ్యమన్నారు. నమ్మకపోతే ఉద్యోగం లేదు."

"కట్టలేదా మరి?"

"అవ్వ దగ్గర లేదనుకున్నా. అడిగితే సిగ్గుపడతాదని అడగలా. జనవరిదీ ఏప్రిల్‌దీ నా రూమ్‌మేట్ దగ్గర తీసుకోని కట్టినా. జూలైది ఇంకా కట్టలా."

నేను స్టేట్‌మెంటు చూశాను. పదమూడు కిస్తీల్లో పది సరిగ్గా వెళ్లాయి. తప్పినవి 2024 జనవరి, ఏప్రిల్, జూలై.

"మూడు నెలలకోసారి గదా," అంది. "క్వార్టరుకొకసారి ఏందో చార్జీ పట్టుకుంటారు, దాంతో బ్యాలెన్స్ తగ్గిపోతాదని మా సీనియర్ చెప్పినారు."

"అక్టోబరులో ఎందుకు తగ్గలేదు మరి? 2023 అక్టోబర్ 5న డబ్బు వెళ్లింది చూడు."

ఆమె చూసింది. డబ్బు లేనివాళ్లు కిస్తీ తప్పితే ఒక తీరుగా తప్పుతారు. ముందు రెండు రోజులు ఆలస్యం, తర్వాత వారం, ఆపైన సగం. ఇక్కడ ఆ జారుడు లేదు. కట్టిన నెలల్లో ఒక్క రూపాయి తేడా లేదు. నేను పాత క్యాలెండర్లు పారేయను. సొరుగులోంచి తీసి, ఒక్కో తేదీ పక్కన వారం రాసుకుంటూ వెళ్లాను. బుధ, శని, మంగళ, గురు, ఆది, మంగళ. తర్వాత జనవరి 5, శుక్రవారం. ఏప్రిల్ 5, శుక్రవారం. జూలై 5, శుక్రవారం. ఆ పదమూడు నెలల్లో శుక్రవారం పడ్డ ఐదో తేదీ మరొకటి లేదు.

"మీ అవ్వ శుక్రవారం ఏం చేస్తుంది?"

"ఏముండాది, తలకు పోసుకుంటాది, గడపకు పసుపు పూస్తాది, దీపం పెడతాది. పక్కింటోళ్లు ఉప్పడిగినా ఇయ్యదు. ఇంట్లోంచి ఏదీ..."

అక్కడ ఆగిపోయింది. వెలుతురు ఆమె కోటు మీదికి వచ్చి ఉంది. ఆ మూడు తేదీల చుట్టూ నేను గీత గీశాను.

28వ తేదీ ఆదివారం, ఇద్దరం బస్సులో బాహూరు వెళ్లాం. ముందు రోజు వాన పడింది. చెరువు పొడవునా ఆవిరి లేచి, నీరేదో ఆకాశమేదో తెలియలేదు. కొంగలు ఆ తెలుపులోంచి పుట్టినట్టే వచ్చి మళ్లీ దాన్లోకే పోతున్నాయి. నాటిన పొలాల మధ్య బస్సు తేలుతూ వెళుతున్నట్టుంది. ఎవరో నిద్రలో పాడుకుంటున్నట్టు ఎక్కడో మోటారు నీళ్లు తోడుతోంది.

కుప్పమ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. సన్నగా, నిటారుగా ఉన్నారు. మనవరాలి వెనక నన్ను చూసి, "ఎవురే ఈయమ్మ, జడ్జీనా?" అన్నారు.

"కాదక్కా, లెక్కలు చూసేదాన్ని," అన్నాను.

"అయితే జడ్జీకంటే పెద్దే. కూర్చోమ్మా."

మజ్జిగ తాగాక నేరుగా అడిగాను. "అక్కా, ఐదో తారీఖు శుక్రవారం వస్తే బ్యాంకు డబ్బు ఏం చేస్తావు?"

ఆవిడ దాచలేదు, తడుముకోలేదు. "తెచ్చుకుంటా. పక్కింటి కోడలు క్యాలెండర్ చూసి చెప్తాది. గురువారం సాయంత్రం పోయి, ఐదు నూర్లు పెట్టేసి మిగిలిందంతా తీసుకోనొస్తా. బియ్యం డబ్బాలో పెడతా. శనివారం తెల్లారి పోయి మళ్లా కట్టేస్తా. ఒక్క రూపాయి తీయనమ్మా."

"అవ్వా!" అంది యామిని.

"ఏందే? శుక్రవారం లచ్చిమి ఇంట్లోకి వచ్చే రోజు. వచ్చే మనిషికి ఎదురు మనం డబ్బును బయటికి పంపిస్తామా? నేను కాపరానికొచ్చి అరవై ఏండ్లు. మా మామకు అప్పులుండె. ఎంత కోపిష్టి సావుకారైనా శుక్రవారం గడప తొక్కలా. శనివారం వచ్చి తీసుకోని పోయినాడు. మీ మిషనుకు వారం తెలీదా?"

"తెలీదక్కా. దానికి తారీఖే తెలుసు. ఐదున వస్తుంది, లేదంటే రాసుకుని పోతుంది. శనివారం మళ్లీ రాదు."

"రాదా? శనివారం నేను వేసినదంతా?"

"అక్కడే ఉంది."

పాస్‌బుక్కు గుడ్డసంచిలోంచి తీయించి చూశాను. జనవరి 4న తీసింది, 6న వేసింది. ఏప్రిల్ 4, 6. జూలై 4, 6. పాల డబ్బు కూడా అందులోనే పడుతుండటంతో, డబ్బు మిగిలిపోతోందని ఆవిడకు తెలియలేదు. పాల డబ్బు, చార్జీలు తీసి లెక్కవేస్తే మూడు కిస్తీలు, 35,523 రూపాయలు, ఖాతాలో కదలకుండా ఉన్నాయి. అన్నాళ్లూ ఈ పిల్ల బన్ను తిని, అన్నం తిన్నానని ఫోన్లో చెబుతూ వచ్చింది.

బౌన్సు సంగతీ, ఉద్యోగం సంగతీ అప్పుడు చెప్పాం. కుప్పమ్మగారు పాస్‌బుక్కు తీసుకుని మళ్లీ గుడ్డసంచిలో పెట్టుకున్నారు. "నా దగ్గర లేదనుకున్నావా?" అన్నారు, మనవరాలి వైపు తిరగకుండానే.

"అడిగితే నీకు అవమానమని..."

"అడగకపోవడమే అవమానంరా కన్నా."

తర్వాత ఏం చేయాలో మాట్లాడుకున్నాం. డబ్బు ముందే యామిని ఖాతాలో వేస్తే అక్కడినుంచి వెళుతుంది కదా అన్నాను. "దాని రూములో శుక్రవారం రాదా?" అని ఆవిడ నన్నే అడిగారు. చివరికి మాండేటు రద్దుచేసి, నెలనెలా ఒకటి నుంచి నాలుగు లోపల నేరుగా కట్టేలా అప్పిచ్చిన బ్యాంకును అడుగుదామని తేలింది. దానికి వాళ్లు ఒప్పుకున్నారు. 29వ తేదీ సోమవారం జూలై కిస్తీ జరిమానాతో సహా కట్టాం. రూమ్‌మేట్‌కు 23,682 తిరిగిచ్చాం.

మిగిలింది ఉత్తరం. ఆగస్టు 1న, మళ్లీ ఆ మధ్యాహ్నపు గదిలో, యామిని రాసుకొచ్చిన ముసాయిదా చూపించింది. "సాంకేతిక కారణాల వల్ల" అని మొదలైంది.

"ఏ సాంకేతిక కారణం? దాని పేరేమిటి?"

"అందరూ ఇట్లానే రాస్తారు పెద్దమ్మా."

"అందరూ రాసేది చదివేవాడు నమ్మడు. జరిగింది రాయి."

"నవ్వుతారు. లా చదివిన పిల్ల ఇంట్లో ఇట్లానా అంటారు. అవ్వను చూసి నవ్వితే నేను తట్టుకోలేను."

"అవ్వ తప్పు చేసిందని రాయమనలేదు. తేదీలు రాయి, మొత్తాలు రాయి, పాస్‌బుక్కు పేజీ జత చెయ్యి. నాలుగున తీసి ఆరున పూర్తిగా వేసిన మనిషి ఎగవేతదారు కాదు. ఆ మాట కాగితమే చెబుతుంది."

ఆమె బాహూరుకు ఫోను చేసి, స్పీకరులో పెట్టి, ఉత్తరం తెలుగులో చెప్పి వినిపించింది. తర్వాత, "నా దగ్గర లేక కాదు అని ఫస్టు రాయి," అన్న అవ్వ గొంతు వచ్చింది. "తక్కినదంతా దాని కింద రాసుకో."

అలాగే రాసి, గడువు లోపలే పంపింది. "కిస్తీ కట్టవలసిన మూడు రోజులూ మా నాయనమ్మ వద్ద పూర్తి మొత్తం ఉన్నది" అన్నది మొదటి వాక్యం.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకు స్పష్టంగా గుర్తులేదు. నాకలా జరగడం అరుదు. ఉదయం బీచి రోడ్డు మీద నడుస్తున్నప్పుడు ఇంకా ఎండెక్కని నీళ్లు పాలలా ఉండేవి. వాటిని చూస్తూ, సలహా ఇచ్చింది నేను, పోతే పోయేది ఆ పిల్ల ఉద్యోగం కదా అనుకునేదాన్ని. ముసాయిదా మార్చమనకుండా ఉండాల్సిందేమో అని కూడా రెండు మూడు సార్లు అనిపించింది.

ఆగస్టు 20న ఆ బ్యాంకు నుంచి ఒక అధికారి యామినికి ఫోను చేశారు. బకాయి లేదన్న సర్టిఫికెట్ పంపమన్నారు. చివర్లో, "ఆ రెండు రోజులూ డబ్బు ఎక్కడ ఉంది?" అని అడిగారట.

"బియ్యం డబ్బాలో సార్."

"మా అమ్మ కందిపప్పు డబ్బాలో పెడుతుంది," అని ఫోను పెట్టేశారట.

27న ఉద్యోగ నియామక ఉత్తరం వచ్చింది. సెప్టెంబర్ 16, సోమవారం, యామిని ఉద్యోగంలో చేరింది. అప్పటినుంచి కిస్తీ తనే కట్టుకుంటోంది.

నేను మాత్రం క్యాలెండర్లో ముందుకు వెళ్లి చూసుకున్నాను. మళ్లీ శుక్రవారం పడే ఐదో తేదీ పద్నాలుగు నెలల తర్వాత, 2025 సెప్టెంబరులో. ఆ రోజు ఊరికే పలకరింపుగా యామినికి ఫోను చేశాను.

"కట్టేసినా పెద్దమ్మా, నిన్న గురువారమే," అంది. "ఆఫీసులో ఆటోమేటిక్ పెట్టుకోమంటారు. నాకే మనసొప్పలా."

ముప్పై రెండేళ్లలో ఎన్నో ఫైళ్ల మీద "కట్టే ఉద్దేశం లేదు" అని రాశాను. ఎన్ని అని లెక్క పెట్టుకోలేదు. నేను లెక్క పెట్టనిది అదొక్కటే. తేదీ, మొత్తం, ఆలస్యం, అన్నీ సరిగ్గా రాశాను. కిస్తీ ఎందుకు రాలేదని అందరినీ అడిగాను. సిగ్గుపడినవాళ్లు తల దించుకునేవారు, నేను దాన్నే జవాబుగా రాసుకునేదాన్ని. ఆ రోజు నీ డబ్బు ఎక్కడ ఉంది అని అడిగి ఉంటే, వాళ్లలో కొందరైనా తలెత్తి చెప్పేవారు. ఇప్పుడు నా బల్ల ముందు ఎవరు కూర్చున్నా మొదట అడిగేది ఆ ప్రశ్నే.