పద్నాలుగు మెట్ల టేకు

మా అన్నయ్యని తెలిసినవాళ్లంతా వెనకాల ఉప్పుకాయితం అంటారు. చెక్క నునుపు చెయ్యడానికి రుద్దే గరుకు కాయితం అది. చేసే పనిని బట్టి ఆ పేరు వచ్చిందని తను అనుకుంటాడు. నోటిని బట్టి వచ్చిందని మా వదిన అంటుంది. నలభై ఏళ్లుగా పాత ఇళ్లలో తలుపులకీ కిటికీలకీ మెట్లకీ లక్క పాలిష్ పెట్టడమే తన పని. గుడ్డని ఉండ చేసి, లక్క కరిగించిన స్పిరిట్లో ముంచి, చెక్క మీద సున్నాలు చుడుతూ చుడుతూ, మన మొహం మనకి కనపడేదాకా రుద్దుతాడు. చెయ్యి ఎంత నెమ్మదో మాట అంత దురుసు.

నేను పెయింటర్ని. ఆయన తోడబుట్టిన చెల్లెల్ని. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం అన్నయ్య ఇప్పటికీ నా తప్పుగానే లెక్కేస్తాడు.

మా నాన్నదీ పాలిష్ పనే. అన్నయ్యని పన్నెండో ఏట పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేనూ కూర్చుంటానంటే, "లక్క వాసన ఆడపిల్లలకి పడదు, లోపలికి పో" అన్నాడు. ఆ వాసన మా ఇంట్లో గోడలకీ దుప్పట్లకీ కూడా పట్టి ఉండేది, లోపలికి పోతే మాత్రం ఎక్కడికి పోయినట్టు? రోజూ ఆ డబ్బాలు కడిగింది నేనే. కడగడం మాత్రం పడింది. పెళ్లయ్యాక మా ఆయన దగ్గర బ్రష్ పట్టుకోవడం నేర్చుకున్నాను, ఆయనకి నడుము పట్టేశాక పనంతా నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడు నా దగ్గర నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. నిచ్చెనెక్కితే మా ముందు మగవాళ్లు ఎందుకూ పనికిరారు.

నాన్న ఒక మాట పదే పదే అనేవాడు, చెక్కకి పెయింట్ వెయ్యడమంటే దాని నోరు నొక్కెయ్యడమే అని. అన్నయ్య ఆ మాటని నెత్తిన పెట్టుకుని ఊరేగాడు. మేం కొనుక్కున్న ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు, నేను స్వయంగా ఆకుపచ్చ పెయింట్ వేసుకున్న వీధి తలుపు ముందు నిలబడి, మా అత్తగారు వింటుండగా, "దీని కింద ఏ శవాన్ని దాచారే?" అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఊళ్లోవాళ్ల దగ్గరా అంతే. పాలిష్ పని మధ్యలో ఎవరైనా, "మేస్త్రీ, ఈ ఒక్క కిటికీకి పెయింట్ వేసేద్దామా?" అంటే చాలు, సామాను సర్దుకుని వచ్చేసేవాడు. అలా పని లేని నెలలన్నీ వదిన కుట్టుమిషన్ తొక్కి సంసారం ఈదింది. "మీ అన్నయ్య కాపురం చెక్కతోనమ్మా, నేను వంటకి కుదిరినదాన్ని" అనేది నాతో. నవ్వుతూనే అనేది కానీ అది నవ్వే మాట కాదు.

ఇంతకీ అసలు గొడవ మెట్ల దగ్గర వచ్చింది. నాన్న చేసిన పనుల్లో కూల్చెయ్యకుండా, పెయింట్ పడకుండా మిగిలింది ఒక్కటే, లెక్కల టీచరుగారి ఇంట్లో మేడ మీదికి వెళ్లే పద్నాలుగు మెట్లు. నాన్న బతికున్నన్నాళ్లూ ఆ మెట్ల పని ఒక్కడే చేసేవాడు. అన్నయ్యని కూడా లోపలికి రానిచ్చేవాడు కాదు, బయట వరండాలో కిటికీ రెక్కలు రుద్దుకోమనేవాడు. నాన్న పోయాక అన్నయ్య రెండేళ్లకోసారి వెళ్లి, ఉన్న పూత మీదే మరో పూత లక్క పట్టించి వచ్చేవాడు. ఎవరైనా పాలిష్ గురించి అడిగితే చాలు, ఆ ఇంటికి లాక్కెళ్లి, "టేకంటే ఇదీ" అని చూపించేవాడు. కొడుకు మార్కుల కాయితం కూడా అంత మురిసిపోతూ చూపించలేదు.

మొన్న టీచరుగారు నన్ను పిలిచారు. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. కుడి చేతికి కట్టు ఉంది.

"గోడలతో పాటు మెట్లకీ తెల్ల పెయింట్ వేసెయ్యమ్మా" అన్నారు. "అంతా నల్లగా అయిపోయి, ఏ మెట్టు ఎక్కడ ఆగుతోందో నా కళ్లకి ఆనట్లేదు. మూడో మెట్టు మీద జారాను."

అబద్ధం ఎందుకు, నాకు లోపల్లోపల సంతోషమే వేసింది. నన్ను పక్కన కూర్చోనివ్వని మనిషి పని మీద నా బ్రష్ పడబోతోంది. ఆ వెంటనే సిగ్గూ వేసింది. అన్నయ్యకి చెప్పకుండా వేస్తే దొంగతనంలా ఉంటుందని ఫోన్ చేశాను.

తెల్లారేసరికి వచ్చి మొదటి మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

"నాన్న పని మీద తెలుపు కొట్టడానికి నీకు చేతులెలా వస్తున్నాయే?"

"నాన్న పని మీద జారి ఆవిడ చెయ్యి విరిగింది. అదీ కాస్త చూడు."

"పాలిష్ నల్లబడింది, అంతేగా. పూత మీద పూత పడితే నల్లబడదా?" అని టీచరుగారి వైపు తిరిగాడు. "అమ్మా, మొత్తం తీసేసి అడుగున ఉన్న చెక్కని బయటికి తెస్తాను. తేనె రంగులో వస్తుంది, అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. ఊరికే చేసిపెడతాను. చెక్కని చెక్కలా ఉండనివ్వండి."

ఆవిడ నా వైపు చూశారు. కాదనొచ్చు, పని నా చేతిలోనే ఉంది. కానీ జీవితమంతా ఈ మనిషితో వాదించి విసిగిపోయి ఉన్నాను. "చెయ్యనివ్వండి" అన్నాను.

అన్నయ్య పాత పూత తీసే పద్ధతి ఒకటుంది. సాయంత్రం మెట్లన్నిటికీ ఒకేసారి మందు దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కాయితాలు కప్పి వదిలేస్తాడు. పొద్దున్నకి అడుగుదాకా నాని మెత్తబడుతుంది, వరసగా గోకేస్తాడు. నేనైతే ముందు ఎవరికీ కనపడని మూల అరచెయ్యంత చోట చేసి, కింద ఏముందో చూసుకుని మరీ పెద్ద పనికి దిగుతాను. అది చెక్కంటే తెలియని పెయింటర్ల చాదస్తమట. ఆ సాయంత్రం మందు తొమ్మిదో మెట్టు దగ్గర అయిపోయింది. పైన అయిదు మిగిలాయి.

మర్నాడు పొద్దున్న నేను గోడల పనికి బకెట్లు పట్టుకుని వెళ్లేసరికి, అన్నయ్య మొదటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో గోకుడు రేకు. వెనక తొమ్మిది మెట్లూ పాలిపోయి ఉన్నాయి. టేకు లేదు, తేనె రంగూ లేదు. సామాను పెట్టెలు విరగ్గొట్టి తెచ్చినట్టు మూడు నాలుగు రకాల చవక చెక్క, అతుకుల మధ్య పుట్టీ, మేకుల బొడిపెలు.

"తర్వాతి మెట్టుకైనా వస్తుందనుకున్నాను" అన్నాడు. అలా అనుకుంటూ తొమ్మిదీ గోకేశాడు.

కింద పడిన పొట్టు చేతిలోకి తీసుకున్నాను. పైన లక్క, దాని కింద గోధుమ రంగు, దాని కింద పసుపు. ఇరవై అయిదేళ్లుగా నా గోళ్లలో ఇరుక్కుంటున్న సరుకుని నేను పోల్చుకోలేనా?

"అన్నయ్యా, ఇది పాలిష్ పొట్టు కాదు. పెయింట్."

"నోరు ముయ్యి."

నేను పైకెక్కి మిగిలిన అయిదు మెట్లనీ వంగి, పక్క నుంచి వెలుతురు పడేలా చూశాను. పసుపు పూత మీద పల్చటి గోధుమ రంగు వేసి, అది ఆరేలోపు దువ్వెనలాంటి దానితో లాగి, చెక్కలో ఉండే గీతలన్నీ తెచ్చాడు నాన్న. ఒకచోట గీత సన్నబడి మళ్లీ వెడల్పు అవుతుంది, అచ్చం చేవలో జరిగినట్టే. పదో మెట్టు మీదా పదమూడో మెట్టు మీదా ముడి ఒకటే, బొటనవేలితో తిప్పి పెట్టిన ముడి. చెట్టు అయితే ఒకే ముడిని రెండుసార్లు పెట్టదు. నాన్న పెట్టాడు. ఆ పైన లక్క రుద్ది, నలభై ఏళ్లపాటు అందరి కాళ్ల కింద టేకని నమ్మించాడు. అన్నయ్యని వరండాలో ఎందుకు ఉంచేవాడో అప్పుడర్థమైంది.

అంత గొప్ప బ్రష్ పని నేను జన్మలో చూడలేదు. చూస్తుంటే కడుపు మండిపోయింది. ఇది చేసిన మనిషేనా మా ఇద్దరికీ పెయింటంటే నోరు నొక్కడమని నూరిపోసింది? ఆ ఒక్క మాట పట్టుకునేగా అన్నయ్య నన్ను ఇన్నేళ్లు పురుగులా చూశాడు.

అన్నయ్య లేచి పైకి వచ్చాడు. పదో మెట్టు దగ్గర వంగి, ఎండిన పూత మీదే రేకు ఆనించి నొక్కాడు. నేను ఆ మెట్టు మీద కూర్చున్నాను.

"లే."

"లేవను."

"ఎవరికీ తెలియకూడదు. మొత్తం గోకేస్తాను, నువ్వు పైన ఏదో ఒక పెయింట్ కొట్టెయ్యి. నాన్న పరువు పోతుంది."

"తొమ్మిది మెట్ల నాన్నని తుడిచి చెత్తలో కుప్ప పోశావు, ఇంకా ఏం పోవాలి? నేను తెల్ల పెయింట్ వేసినా అడుగున ఈ పని బతికుండేది. ఎవరో ఒకరు ఎప్పుడైనా చూసేవాళ్లు. కాపాడతానని వచ్చి నువ్వే చంపావు. ఇక గోకాలంటే ముందు నన్ను గోకు."

అరుస్తాడనుకున్నాను, రేకు పక్కన పెట్టాడు. ఈ గొడవకి టీచరుగారు గదిలోంచి వచ్చి మెట్ల మొదట్లో నిలబడ్డారు. ఆవిడని చూడగానే అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"టేకు పుచ్చిపోయిందమ్మా. పాలిష్ కుదరదు. చెల్లెలు పెయింట్ వేసేస్తుంది."

ఇరవై అయిదేళ్లలో నా పనికి అన్నయ్య ఇచ్చిన మొదటి చోటు అది, కుళ్లుని కప్పెట్టడానికి.

"పుచ్చలేదండీ" అన్నాను. "అది ఎప్పుడూ టేకు కాదు. చవక చెక్క. మా నాన్న దాని మీద పెయింట్‌తో టేకు గీశాడు. మా నాన్న పెయింటరండీ. నాకంటే మంచి పెయింటర్."

అన్నయ్య గోడకి జారబడ్డాడు. టీచరుగారు ఎడం చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ నా దాకా వచ్చి, నేను పక్కకి జరిగాక పదో మెట్టు ముడి మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

"ఇంత బాగుంటే పోగొట్టుకోవడం ఎందుకు?" అన్నారు. "కొత్తగా వేస్తే అంచులు ఎలాగూ కనిపిస్తాయి. కింది తొమ్మిదీ ఇలాగే వెయ్యండి. మీ ఇద్దరిలో ఎవరికి వచ్చు?"

అన్నయ్య నా చేతుల వైపు చూశాడు. తన చెల్లెలికి చేతులున్నాయని అప్పుడే తెలిసినట్టు చూశాడు.

"నీకు వచ్చుగా" అన్నాడు మెల్లగా. "బ్రష్ పనేగా. వెయ్యవే."

నలభై ఏళ్లు ఎదురుచూసిన మాట అది. తీరా వచ్చేసరికి దానికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

"నాకు రాదు. నాన్న నన్ను పక్కన కూర్చోనివ్వలేదు. నిన్ను కూర్చోబెట్టుకుని కూడా నీకు చూపించలేదు."

ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండింది, అన్నయ్య మీద కూడా కాదు. ఆ మనిషి బతికుంటే మా మధ్య కూర్చోబెట్టి, ఈ చేతి విద్య ఎవరి కోసం దాచావని గట్టిగా అడిగేదాన్ని.