పెరుగన్నంలో కల్తీ

మా నాన్నది ఆర్మూర్ మార్కెట్ దగ్గర పసుపు దుకాణం. సంచి నోటి దగ్గర మంచి కొమ్ములు, అడుగున నాసిరకం సర్దే విద్య నేను బడికి పోకముందే చూశాను. కొత్తిమీర కొంటే కరివేపాకు, కరివేపాకు కొంటే రెండు మిరపకాయలు కొసరు అడిగి తెచ్చే మనిషిని. ఇంత తెలివి ఉన్నదానికి మొగుడి చేత మాత్రలు మింగించడం ఒక పనా అనుకున్నాను.

ఆయన గల్ఫ్ నుంచి వచ్చిన కొన్ని నెలలకు, గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారనడం మొదలుపెట్టాడు. డాక్టరు మాత్రలు రాశాడు. నాకేం రోగం లేదని ఆయన ఊసేశాడు. నేను నూరి పెరుగన్నంలో కలిపాను. రెండు వారాలు సాగింది. ఒక మధ్యాహ్నం ఆయన ముద్దను పళ్లెంలోకి ఉమ్మేసి, బేరగాడు పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూసినట్టు, వేళ్లతో విప్పి చూశాడు. తెల్లటి పలుకు దొరికింది.

"ఏం కలిపినవే?"

"ఉప్పు కరగలే."

"గోడ పక్కోళ్లు చెప్పింది నిజమే. నాకు విషం పెడ్తున్నవ్."

ఆ రోజు నుంచి నా చేతి అన్నం ముట్టలేదు. అరటిపళ్లు తెచ్చుకుని తానే ఒలుచుకునేవాడు. నేను ఉల్లిగడ్డ కోస్తుంటే వెనక నిలబడి నా చేతులనే చూసేవాడు. కూరగాయల కత్తి బియ్యం డబ్బాలో దాచాను. స్నానానికి పోయినా చెవి బయటే ఉండేది. నాలుగు రోజులు అన్నం లేదు, మాత్ర లేదు. ఆయన అరుపులు పెరుగుతున్నాయి.

ఐదో రోజు పొద్దున నాన్న దుకాణానికని అబద్ధమాడి, ఆయనకు మాత్రలు రాసిన దవాఖానకు పోయాను. అక్కడా బేరమే.

"సిస్టర్, రుచి లేని గోలీ ఏదన్న ఉంటే ఇయ్యుర్రి. నీళ్లల్ల కలిపితే కనవడొద్దు."

ఆ నర్సు నాకంటే చిన్నది. పెన్ను పక్కన పెట్టింది. "గా ముచ్చట తర్వాత. నువ్వెప్పుడు తిన్నవక్కా?"

గుర్తు రాలేదు.

"ఆయనంటే భయమైతుందా?"

అందరూ ఆయన తిన్నాడా, పడుకున్నాడా అని అడిగినవాళ్లే. నా సంగతి ఎవరూ అడగలేదు. "ఛ, భయమేంది సిస్టర్" అనబోయాను. పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

పక్కగదిలో కూర్చోబెట్టి చాయ్ తాగించి, జరిగిందంతా చెప్పించుకుంది. "కలుపుడు తప్పే. గంతమాత్రాన నువ్వు చెడ్డదానివి కావు. పోయి నిజం చెప్పు. గొంతులు లేవని కొట్లాడకు. నాకైతే వినవడ్తలేవు, నీకు భయమైతున్నదని ఎరుక అను. గోలీల పట్టీ చింపకుండ చేతికియ్యి. తలుపు దిక్కు కూసో. చెయ్యి లేపిండంటే మాటలు బంద్, బయటికొచ్చి మాకు ఫోన్ కొట్టు."

"నిజం జర రెండు దినాలాగి చెప్తే?"

"గీ దాంట్ల బేరం లేదక్కా. ఒక్కదానివి మాత్రం చెప్పకు. మీ ఇంటోళ్లెవరున్నరు?"

జక్రాన్‌పల్లిలో ఉన్న మా మరిదికి నా ముందే ఫోన్ చేసి, అంతా విడమరిచి చెప్పింది. అతను మధ్యాహ్నం బస్సుకు దిగాడు.

సాయంత్రం తలుపు దగ్గర కూర్చున్నాను, ఒక కాలు గడప మీద పెట్టి. "గోలీ నేనే కలిపిన. నీకు చెప్పకుండ. తప్పు చేసిన."

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "నీకెరుకనా?"

"ఇయ్యాలనే ఎరుకైంది అన్నా. వదిన భయంతోని చేసింది."

పట్టీ ముందు పెట్టాను. ఆయన వెనక్కి తిప్పి అక్షరాలు చదివాడు.

"గిదేనా?"

"గిదే."

పట్టీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అన్నం పెట్టు. కలుపకు. నేనే కలుపుకుంట."

అన్నం, పెరుగు వేరువేరుగా వడ్డించాను. ఆయన తిన్నాడు. మాత్ర మాట మరిదే ఎత్తాడు.

"ఏసుకుంట తియ్యి" అన్నాడు, జేబు మీద చేయి పెట్టుకుని.

నమ్మాలో వద్దో తెలియలేదు. పళ్లెం తీయడానికి లేచాను గానీ, ముందు ఆయన చేతుల వైపే చూశాను.